మూతపడ్డ నాటకాల హాలుని మళ్లీ తెరవాలనుకుంటే

ముందు తాళం పగలగొట్టకండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోండి.

చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ మా ఊళ్లో ఈ ఒక్క పనికే నాలుగు నెలలు పట్టింది. హాలు కట్టిన నాటక సభకి ఆఖరి కార్యదర్శిగారు పోయారు, వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు, చెవి మాత్రం వాళ్లింటి వంటగదిలో పప్పుడబ్బాల వెనక ఉందని వాళ్లమ్మగారికి తప్ప ఎవరికీ తెలీదు. ఆవిడ చెవితోపాటు ఓ రేకుపెట్టె కూడా తెచ్చిచ్చారు. అందులో సభ మినిట్స్ పుస్తకాలు, పన్ను రసీదులు, తెగిన గజ్జెలు కొన్ని ఉన్నాయి. మేం ఆవేశపడి తాళం పగలగొట్టి లోపలికి వెళ్లుంటే ఆ పెట్టె బయటికొచ్చేది కాదు. ఆ రసీదులు లేకపోతే హాలు సభదేనని చూపించడానికి మా చేతిలో ఒక్క కాగితం కూడా ఉండేది కాదు.

మన చిన్న ఊళ్లలో ఇలాంటి హాళ్లు ఎందుకున్నాయో కొంచెం తెలుసుకుంటే కాగితాలు వెతకడం తేలికవుతుంది. 1880ల్లో ధార్వాడ నాటక సమాజం వాళ్లు వచ్చి ఆడి వెళ్లిన తర్వాత మనవాళ్లకి నాటకాల పిచ్చి పట్టుకుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం మొదలైంది, ఆ రోజుల్లోనే బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టారు, 1892లో విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం ఆడారు, 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ యాభై ఏళ్లలో కాస్త పెద్ద ఊరు అనుకున్న ప్రతిచోటా ప్లీడర్లూ మేష్టర్లూ కలిసి ఒక సభ పెట్టడం, చందాలేసుకుని హాలు కట్టడం జరిగింది. 1932లో తెలుగు టాకీ వచ్చాక ఆ హాళ్లలో చాలావాటిని సినిమాకి అద్దెకిచ్చేశారు. కాబట్టి మీ ఊళ్లో ‘పాత సినిమా హాలు’ అని పిలిచేది అసలు నాటకాల హాలే అయ్యుండొచ్చు. వెళ్లి సినిమా తెర వెనక చూడండి. తెరకీ వెనక గోడకీ మధ్య పదిహేను, ఇరవై అడుగులు ఖాళీ ఉండి, పైన అడ్డంగా దూలాలకి కప్పీలు కనిపిస్తే అది స్టేజీయే, మధ్యలో ఎవరో తెల్లగోడ కట్టి మూసేశారంతే.

కాగితాల పని ఎక్కడ మొదలెట్టాలంటే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం, తీయించండి, దొరికినంత వెనక్కి. మున్సిపాలిటీలో ఆస్తి పన్ను ఎవరి పేరు మీద ఉందో చూడండి. సభ పేరు మీద ఉంటే ఆ సభ ఎప్పుడో 1860 నాటి సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటుంది. మన దగ్గర 2001 నుంచి వేరే చట్టం ఉంది, దాని ప్రకారం ఏటా కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రారుకి దాఖలు చెయ్యాలి. ఇరవై ఏళ్లుగా ఎవరూ చేసుండరు, కంగారు పడొద్దు. కొత్త సంఘం పెట్టేసి ‘పరిరక్షణ సమితి’ అని బోర్డు రాయించుకోవడానికి మాత్రం తొందరపడకండి, ఆస్తి పాత సభది, మీ కొత్త సమితికి దానిమీద ఏ హక్కూ ఉండదు. పాత సభలో బతికున్న సభ్యుల్ని వెతికి, వాళ్లతోనే సర్వసభ్య సమావేశం పెట్టించి, కొత్తవాళ్లని అందులో చేర్పించుకోవాలి. మాకు ఆరుగురు దొరికారు, అందులో ఒకాయన వయసు తొంభై దాటింది, సంతకం పెట్టే ముందు మినిట్స్ మొత్తం చదివి రెండు తప్పులు దిద్దించారు.

కమిటీ గురించి ఒక్క మాట. వేషాలు వేసేవాళ్లు సగానికి మించి ఉండకూడదు. రాయబారం నాటకంలో ఒకే వేషానికి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని రాత్రంతా సర్దుకుంటారు గానీ కమిటీలో ఇద్దరు కృష్ణులున్నా మూడో మీటింగుకి సభ రెండవుతుంది. లెక్కలు రాసే మనిషి ఒకరు, కరెంటు పని తెలిసినవాళ్లు ఒకరు, ఆడవాళ్లు కనీసం ముగ్గురు. ఆడవాళ్లు ఎందుకో బాత్రూముల దగ్గర చెప్తాను.

బాగుచెయ్యక ముందే ఆడండి

ఇది మా పెద్దలు ఎవరూ ఒప్పుకోలేదు. ‘హాలు శుభ్రంగా తయారయ్యాక మంచి ముహూర్తం చూసి, మంత్రిగారిని పిలిచి ప్రారంభిద్దాం’ అన్నారు. నా అభిప్రాయం ఏంటంటే, అలా కూర్చుంటే అది ఎప్పటికీ తయారవదు. హాలు పాడైపోవడానికి వాన, చెదలు ఎంత కారణమో అందులోకి మనిషి వెళ్లకపోవడం అంత కారణం. మనిషి వెళ్తుంటే పెంకు జారిన రోజే తెలుస్తుంది, వెళ్లకపోతే దూలం విరిగాక తెలుస్తుంది.

మేం చేసింది ఇదీ. హాలు ముందు ఖాళీ జాగాలో ముళ్లకంపలు కొట్టించాం, టెంటు హౌసు నుంచి రెండొందల కుర్చీలు తెచ్చాం, హాలు మెట్లనే స్టేజీ చేసి ఒక నాటిక ఆడించాం, గంట నిడివిది. వెనకాల మూసిన తలుపులు, వాటిమీద పాత సభ పేరు. జనం నాటిక చూస్తూ ఆ తలుపులు కూడా చూస్తారు, అదే మనకి కావాల్సింది. ఆ రాత్రి హుండీలో పడింది తక్కువే, కానీ మర్నాడు పొద్దున మేస్త్రీ ఒకాయన వచ్చి ‘మా నాన్న ఈ హాలుకి సున్నం కొట్టాడండి’ అన్నాడు. పై కప్పు చూసి చెప్పే మనిషి మాకు అలా దొరికాడు.

పైకప్పు: ఒక వానాకాలం చూడాల్సిందే

వేసవిలో హాలు తెరిచి వేసవిలోనే రిపేరు మొదలెట్టేవాళ్లని చూశాను. ఎక్కడ కారుతుందో తెలీకుండా ఏం రిపేరు చేస్తారు? ఒక్క వానాకాలం ఓపిక పట్టండి. వాన పడుతున్నప్పుడు లోపలికెళ్లి, నీళ్లు పడ్డ చోటల్లా నేలమీద సుద్దతో గుర్తులు పెట్టి ఫోటోలు తీయండి. కారిన చోటికి సరిగ్గా పైన చిల్లు ఉంటుందనుకోకండి, నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో దిగుతాయి.

మన పాత హాళ్లకి కప్పు రెండు మూడు రకాలే. బెంగుళూరు పెంకు కప్పు, రేకుల కప్పు, లేదా మద్రాసు మిద్దె, అంటే టేకు దూలాల మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి గానుగ సున్నంతో వేసినది. పెంకు కప్పు అన్నిటికన్నా తేలిక, పగిలినవి తీసి పాత ఇళ్లు పడగొట్టే దగ్గర అదే అచ్చు పెంకులు కొనుక్కుంటే సరిపోతుంది. సిమెంటు రేకులుంటే వాటిని పొడిగా కొయ్యకండి, పగలగొట్టకండి. పాత వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి విషం. తడిపి, మొత్తం రేకుగా దింపించాలి.

మద్రాసు మిద్దె అయితే ఊళ్లో ప్రతి ఇంజనీరూ ఇచ్చే సలహా ఒకటే, ‘పైన నాలుగంగుళాల కాంక్రీటు పోయించేయండి, జన్మలో కారదు’. ఆ మాట విన్నప్పుడు ఈ లెక్క చెప్పండి. నాలుగంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకి సుమారు 23 కేజీలు. 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు హాలుకి అది 55 టన్నులు. చెదలు తిన్న దూలాల మీద 55 టన్నులు పెడతారా? కారడం ఆగకపోగా కింద కూర్చున్నవాళ్ల ప్రాణాల మీదికొస్తుంది. పాత సున్నం దిమ్మిస చెడిపోయిన చోట తవ్వి, మళ్లీ సున్నంతోనే వేసి, నీళ్లు పోయే వాటం సరిచేస్తే చాలు. సగం కారుడు తూముల్లో రావి మొక్కలు మొలవడం వల్లే. రావి మొక్కని పైకి లాగితే వేరు లోపలే ఉండిపోయి మళ్లీ వస్తుంది, వేరుదాకా గోడ విప్పి తీయించాలి.

దూలాల్ని మధ్యలో చూసి బాగున్నాయనుకోకండి. గోడలోకి దిగిన కొసలు ముందు పుచ్చుతాయి, చెమ్మ అక్కడే ఉంటుంది కనక. నిచ్చెనెక్కి సుత్తితో కొట్టి చూడండి, గట్టి కర్ర ఖంగుమంటుంది, పుచ్చిన కర్ర డొల్లగా మోగుతుంది. తర్వాత స్క్రూడ్రైవరు గుచ్చండి. అంగుళం దాటి దిగిందంటే ఆ కొస పోయినట్టే. కొస పోయినంత మాత్రాన దూలం మొత్తం మార్చక్కర్లేదు, పాడైన ముక్క కోసి కొత్త టేకు అతికి ఇనప పట్టీలు బిగించే వడ్రంగులు ఇంకా ఉన్నారు. ఈ పని మాత్రం కట్టడాల లెక్క తెలిసిన ఇంజనీరు చూడకుండా చేయించొద్దు, పనికి ముందు కింద ఆసరా స్తంభాలు పెట్టించకుండా అసలే చేయించొద్దు.

గబ్బిలాలుంటే, ఉంటాయి కూడా, మందు కొట్టి చంపకండి. చీకటి పడ్డాక అవి మేతకి బయటికి పోతాయి, ఆ టైములో కన్నాలు మూసుకుంటూ రావాలి. లోపల పిల్లలుంటే ఆ పని వాయిదా వెయ్యాలి. రెట్ట ఊడ్చేటప్పుడు ముక్కుకి గట్టి మాస్కు, ముందు నీళ్లు చల్లి తడపడం తప్పనిసరి.

గోడలకి సిమెంటు పట్టించొద్దు

మేం ఇక్కడే దెబ్బతిన్నాం. కింది మూడడుగులు పెచ్చులూడుతుంటే, ఓ కాంట్రాక్టరు మాట విని సిమెంటు ప్లాస్టరు చేయించాం. రెండు వానాకాలాలకి చెమ్మ ఆ మూడడుగుల పైకి పాకి, ఐదడుగుల ఎత్తున ఉప్పు పొంగడం మొదలైంది. కారణం తర్వాత ఒక గుడి స్థపతిగారు చెప్పారు. పాత గోడ ఇటుకా సున్నమూ, నేలలోంచి చెమ్మ పీలుస్తుంది, సున్నంలోంచి దాన్ని గాలికి వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీళ్లు పోవాలి కదా, పైకి పోతాయి.

సిమెంటంతా చెక్కించి మళ్లీ సున్నం పెట్టించడానికి మొదటి ఖర్చుకి రెట్టింపైంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు కావాలంటే గుళ్ల జీర్ణోద్ధరణ జరిగే చోట వెతకండి. కోస్తాలో పాత హాళ్లకి వాడింది చాలావరకు గుల్ల సున్నం. బాగా నానిన సున్నం ఒక పాలు, ఇసుక రెండు మూడు పాళ్లు, కొన్నిచోట్ల కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు కూడా కలుపుతారు. ఒక పూత ఆరాకే ఇంకో పూత, మధ్యలో తడుపుతూ ఉండాలి. తొందరపెట్టకండి, పాపం వాళ్లు చెప్పినా వినే ఓపిక మనకే ఉండదు. పైన వేసే రంగు కూడా సున్నమే. ప్లాస్టిక్ పెయింటు వేస్తే మళ్లీ సిమెంటు కథే.

కరెంటు, దారులు, బాత్రూములు

పాత చెక్క కేసింగు వైరింగు ఎంత ముచ్చటగా ఉన్నా మొత్తం పీకించండి, ఒక మూల నమూనాగా రెండడుగులు ఉంచుకోండి కావాలంటే. స్టేజీ లైట్లకి, ఫ్యాన్లకి, మైకుకి వేర్వేరు లైన్లు ఉండాలి. లేకపోతే లైటు తగ్గించినప్పుడల్లా మైకులో గురగుర వస్తుంది.

1997 జూన్ 13న ఢిల్లీలో ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. మంట మొదలైంది కింద ట్రాన్స్‌ఫార్మరు దగ్గర, పోయింది బాల్కనీలో వాళ్లు, ఎందుకంటే అదనంగా సీట్లు వేసి దారి మూసేశారు. మన హాళ్లలో మనవాళ్లు చేసేదీ అదే, జనం ఎక్కువైతే నడిచే దారిలో కుర్చీలు వేస్తారు, టికెట్టు లేనివాళ్లు దూరతారని పక్క తలుపులకి గొళ్లెం పెడతారు. తలుపులు బయటికి తెరుచుకునేలా మార్పించండి. ఆట నడుస్తున్నంతసేపు ఒక్కో తలుపు దగ్గర ఒక్కో మనిషి కూర్చోవాలి, నాటకం చూడ్డానికి కాదు, తలుపు చూడ్డానికి. ఫైర్ వాళ్ల అనుమతి, పోలీసు అనుమతి ఎలాగూ కావాలి, సినిమా కూడా వేస్తామంటే బీ ఫారం లైసెన్సు వేరే తీసుకోవాలి.

ఇక బాత్రూములు. సీట్ల కన్నా ముందు ఇవి కట్టించండి. మా ఊళ్లో మగవాళ్లంతా ‘ఆడవాళ్లు నాటకాలకి రావడం మానేశారండీ, సీరియళ్లు చూస్తున్నారు’ అనేవాళ్లు. మా కమిటీలో ఒకావిడ, రిటైరైన టీచరుగారు, ‘మూడు గంటలు కూర్చోవాలంటే మాకు ముందు వెళ్లడానికి చోటు ఉండాలి కదా’ అన్నారు. ఆడవాళ్లకి నాలుగు, స్టేజీ వెనక నటీమణులకి విడిగా ఒకటి, లోపలి నుంచి గొళ్లెం, బకెట్టు, లైటు. అవి కట్టిన తర్వాత వచ్చిన మొదటి ఆటకి ముందు వరసలు నిండింది ఆడవాళ్లతోనే.

శబ్దాన్ని పాడుచెయ్యకండి

ఇది నాకు ప్రాణం లాంటి విషయం, కొంచెం ఎక్కువ చెప్తాను.

ఈ హాళ్లు మైకులు రాక ముందు కట్టినవి. పద్యం ఎత్తుకుంటే ఆఖరి బెంచీ మీద కూర్చున్నవాడు ‘వన్స్ మోర్’ అనాలి, అందుకు తగ్గట్టే ఎత్తు, చెక్క కప్పు, చెక్క స్టేజీ. స్టేజీ కింద బోలుగా ఉంటుంది, అందుకే కాలు వేస్తే మోగుతుంది. మేం తెలివితక్కువగా, ఏసీ పెట్టే ఆలోచనతో తెల్లటి ఫాల్స్ సీలింగు ఒకటి, నేలకి నున్నటి టైల్సు ఒకటి వేయించడానికి సిద్ధమయ్యాం. సగం సీలింగు అయ్యాక, ఊళ్లో ఉన్న పాత హార్మోనిస్టుగారిని చూడ్డానికి రమ్మన్నాం. ఆయన వచ్చి, స్టేజీ మీద హార్మోనియం పెట్టించుకుని, శృతి పట్టుకుని, సీలింగు లేని సగంవైపు తిరిగి పద్యం సాగదీశారు. తర్వాత సీలింగు ఉన్న సగంవైపు తిరిగి అదే పద్యం అందుకున్నారు. నేను వెనక గోడ దగ్గర నిలబడ్డాను. మొదటిసారి రాగం నా దాకా వచ్చి గోడకి తగిలి ఆగింది. రెండోసారి మాటలు తెలిశాయి గానీ రాగం మధ్యలోనే ఎక్కడో దిగిపోయింది.

‘ఏం మాస్టారూ?’ అన్నాను.

‘దుప్పటి కప్పుకుని పాడినట్టుందయ్యా’ అన్నారు.

సీలింగు విప్పించాం. డబ్బు పోయింది, తిట్లు తిన్నాం.

మీరు చేయాల్సిన పరీక్ష తేలిక. ఖాళీ హాల్లో స్టేజీ మధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. టకటకమని గొలుసులాగా ప్రతిధ్వని వస్తే రెండు గోడలు మరీ నున్నగా ఎదురెదురుగా ఉన్నట్టు, ఒకవైపు తెరలు గానీ చెక్క బీరువాలు గానీ పెట్టాలి. చప్పట కొట్టగానే చచ్చిపోతే మెత్తటి సామాను ఎక్కువైనట్టు. జనం నిండితే శబ్దం ఇంకా తగ్గుతుంది, మనుషులే పెద్ద దుప్పటి, కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ మోగడమే మంచిది. స్టేజీ చెక్కలు మార్చాల్సొస్తే కింద కాంక్రీటు నింపించకండి, బోలుతనం పోతుంది. ఏసీ వద్దు, ఎత్తులో వేడిగాలి పోయే కిటికీలు తెరిపించండి, పెద్ద ఫ్యాన్లు నెమ్మదిగా తిరగనివ్వండి. స్పీడు పెంచితే ఆ చప్పుడే పద్యాన్ని మింగేస్తుంది.

ఫ్యాన్లంటే గుర్తొచ్చింది. దాతల పేర్లు ఫ్యాను రెక్కల మీద రాయించే అలవాటు మనకుంది కదా, మూడు రెక్కలకీ మూడు పేర్లు, తిరిగితే ఎవరి పేరూ కనపడదు. ట్యూబులైటు మీద అయితే పేరే మిగిలి వెలుతురు ఉండదు. పేర్లన్నీ గోడమీద ఒకే ఒక్క రాతిపలకకి చెక్కిస్తాం, ఇచ్చిన మొత్తం రాయం అని మొదట్లోనే చెప్పేయండి, ఒకరిద్దరు అలుగుతారు, పర్లేదు.

డబ్బు

పెద్ద దాత కోసం ఎదురుచూడొద్దు. ఒక్కడే మొత్తం ఇస్తే హాలు పేరు మారుతుంది, పదేళ్లకి వాళ్లింట్లో పెళ్లిళ్లకే హాలు అవుతుంది. పెంకుకింత, కుర్చీకింత అని చిన్న మొత్తాలు అడగండి. సభకి ఆదాయపు పన్ను శాఖ దగ్గర రిజిస్ట్రేషన్, విరాళాలకి ఆమోదం (1961 చట్టంలో వీటినే 12ఏ, 80జీ అనేవాళ్లు) ఉంటే ఇచ్చేవాళ్లకి పన్ను మినహాయింపు దొరకొచ్చు, దానికోసం ఆడిటరు దగ్గరికి మొదటి ఏడాదే వెళ్లండి.

అమెరికాలో ఉన్న మన ఊరి పిల్లలు పంపిస్తామంటారు, ఇక్కడ జాగ్రత్త. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసేసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకి మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, కింద అనుమతి లేకుండా సభ తీసుకోకూడదు. ‘నేను మన ఊరివాణ్ణే కదా బాబాయ్’ అంటారు, నిజమే, కానీ చట్టానికి పాస్‌పోర్టే కనపడుతుంది. వాళ్లకి బాధ కలగకుండా, ఊరొచ్చినప్పుడు పిల్లలకి క్లాసులు చెప్పమనండి, పాత ఫోటోలు పంపమనండి.

టికెట్టు పెట్టండి, ఉచితం వద్దు. యాభై రూపాయలైనా సరే. నాటకానికి మనిషికి 500 రూపాయల లోపు టికెట్టుకి జీఎస్టీ లేదు. ఉచితమైతే జనం ఆలస్యంగా వస్తారు, మధ్యలో లేస్తారు, టికెట్టు కొన్నవాడు టైముకొచ్చి కూర్చుంటాడు.

పెళ్లిళ్లకి అద్దెకిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. డబ్బు నిజంగానే వస్తుంది, కాదనను. కానీ ఒక్క సీజన్లో స్టేజీ చెక్కలకి మేకులు, గోడలకి పొయ్యి మసి, పైగా ముహూర్తం ఉన్న ప్రతి శనివారం నాటకం రద్దు. మేం చివరికి చేసుకున్న ఒప్పందం ఇదీ: వంట హాలు వెనక్కాల రేకుల షెడ్డులోనే, స్టేజీ మీద డెకరేషన్ తాళ్లతోనే, మేకు కొడితే డిపాజిట్ పోయినట్టే. ముహూర్తాలు లేని రోజులన్నీ నాటకాలవి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మూఢాలు, పంచాంగం ముందు పెట్టుకుని ఏడాది కార్యక్రమం అలా రాసుకున్నాం. పురోహితుడు ఖాళీగా ఉన్న నెల మాకు సీజను. పుష్యమాసంలో సంక్రాంతికి ఊరొదిలిపోయినవాళ్లంతా వస్తారు, పంట డబ్బూ చేతిలో ఉంటుంది, ఆ వారం రోజులకి మూడు నెలల ముందే జట్లని మాట్లాడుకోవాలి.

వచ్చే జట్లని ఎలా చూసుకోవాలి

పరిషత్తు పోటీలకి తిరిగే నటులు ఊరి గురించి ఊరికే చెప్పుకుంటారు, ఎక్కడ భోజనం బాగుంది, ఎక్కడ డబ్బులు ఎగ్గొట్టారు అని. మంచి పేరు రావడానికి పెద్ద ఖర్చేం లేదు. గ్రీన్‌రూములో పెద్ద అద్దాలు, వాటి పక్కన బల్బులు, దుస్తులు తగిలించుకోవడానికి కొయ్యలు, ఇస్త్రీపెట్టెకి ప్లగ్గు. ఆడవాళ్ల గదికి లోపలి గొళ్లెం. మేకప్ తీసుకోవడానికి కొబ్బరినూనె సీసా, పాత నూలు గుడ్డలు, వేడినీళ్లు. భోజనం ఆటకి ముందు తేలిగ్గా, అయ్యాక అన్నం, పప్పు, చారు వేడివేడిగా, అర్ధరాత్రయినా సరే. డబ్బుల కవరు, తెర లేవక ముందే చేతిలో పెట్టండి. హార్మోనియం, తబలా వాళ్లకి విడిగా, వాళ్ల చేతికే ఇవ్వండి, నాయకుడి చేతికిస్తే వాళ్లదాకా రావడం కష్టం.

సురభి లాంటి పెద్ద జట్టుని పిలవాలంటే వాళ్ల సెట్టు బిగించడానికే రోజులు కావాలి, పైన తీగలు కట్టే దూలం బలం ముందే చూపించాలి.

ఆడే నాటకానికి రచయిత అనుమతి సంగతి కూడా ఉంది. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. తిరుపతి వెంకట కవులు, చిలకమర్తి, గురజాడ, వీళ్ల నాటకాలకి ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పటివాళ్ల నాటికలైతే రచయితకి ఫోను చేసి, ఎంతో కొంత పారితోషికం పంపి ఆడండి. చాలామంది అడిగినందుకే సంతోషపడి ఏమీ తీసుకోరు.

నెలకి ఒక్క నాటకంతో హాలు బతకదు. మిగతా రోజులకి కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు చూసి నేర్చుకోండి. అది ఊరు కూడా కాదు, పల్లె. అక్కడ 1949లో మొదలైన నీనాసం అనే సంఘం నాటకాలు, సినిమాలు, నాటక శిక్షణ అన్నీ నడుపుతుంది, దాన్ని నిలబెట్టిన కె.వి. సుబ్బణ్ణకి 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. అక్కడి ప్రేక్షకులు పోకచెక్క తోటల వాళ్లు. మేం అంత చెయ్యలేం, పొద్దున వరండాలో పేపర్లు, సాయంత్రం పిల్లలకి పద్యం క్లాసు, బడి వార్షికోత్సవాలు, బుర్రకథ, హరికథ. ఏప్రిల్ 16న కందుకూరి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం, ఆ రోజు మాత్రం ఊళ్లోవాళ్లే ఆడాలని నియమం, ఎంత చెత్తగా ఆడినా సరే. పోయినేడు మా రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా దుర్యోధనుడు వేసి గద కింద పడేసుకున్నాడు, అది వాళ్లావిడ ముందు వరసలో కూర్చుని ఎత్తిచ్చింది. పార్టీ మీటింగులకి ఇస్తే అందరికీ ఇవ్వండి, లేకపోతే ఎవరికీ ఇవ్వకండి.

తెరల సంగతి

స్టేజీ పైన అటకలో చుట్టలు కనిపిస్తే అవి చాపలనుకుని పారెయ్యకండి. దర్బారు తెర, వీధి తెర, అడవి తెర, తోట తెర, బట్టమీద చేత్తో రంగులు వేసినవి అయ్యుండొచ్చు. మాకు మూడు దొరికాయి. దర్బారు తెర విప్పితే స్తంభాలు, వాటి వెనక ఇంకా స్తంభాలు, దూరంగా ఓ చిన్న కిటికీ, ఆ కిటికీలోంచి ఒక కొండ. ఎలుకలు సింహాసనం కాలు తినేశాయి.

వాటిని తడి గుడ్డతో తుడవకండి, ఆ రంగులు చాలావరకు జిగురులో కలిపినవి, నీళ్లు తగిలితే కరిగిపోతాయి. మెత్తటి కుంచెతో, పైనుంచి కిందికి, దుమ్ము మాత్రం దులపండి. ఎండలో ఆరెయ్యొద్దు. ఎలుకలు తిన్నచోట కొత్త రంగు వేయించాలని ఉబలాటపడకండి, వెనక నుంచి పాత నూలుబట్ట అతికితే చాలు, ఆట ఆడేటప్పుడు ఆ సింహాసనం ముందు ఎవరో ఒకరు ఎలాగూ నిలబడతారు. కొత్త నాటకాలకి కొత్త తెరలు రాయించుకోండి, పాతవి ఏడాదికి ఒక్కసారి దించితే సరిపోతుంది.

దాచేటప్పుడు ఎప్పుడూ మడత పెట్టకండి, మడత పడ్డ గీత వెంటే రంగు రాలుతుంది. ఆరు లేక ఎనిమిది అంగుళాల పీవీసీ పైపు తీసుకుని, దానికి ఉతికిన తెల్ల నూలుబట్ట చుట్టి, రంగు వైపు బయటికి ఉండేలా తెరని వదులుగా చుట్టండి. పైన మళ్లీ నూలుబట్ట. తాడుతో కాదు, వెడల్పు నాడాతో కట్టండి. నేలమీద పెట్టకుండా పైపు రెండు కొసల్నీ గోడకి బిగించిన కొక్కేల మీద ఆనించండి, ఏ తెర ఏదో బయట చీటీ కట్టండి, లేకపోతే వచ్చే ఏడాది అడవి కోసం వెతుకుతూ మూడూ విప్పాల్సొస్తుంది.